పైరు వాసనల సేకరణలో ఓజోన్ జోక్యం: పరిశోధన గ్రంథాలకు ఒక నియమం అవసరం

పురుగు సోకిన పైరు తన ఆకుల నుంచి కొన్ని బాష్పశీల కర్బన సమ్మేళనాలను గాలిలోకి వదులుతుంది. ఆ వాసన జాడను పట్టుకొనే అనేక మిత్రపురుగులు చీడపురుగు ఉన్న చోటికి చేరుకుంటాయి. ఈ సంగతి స్థిరపడిన నాటి నుంచి గాలి నమూనాల సేకరణ వ్యవసాయ కీటకశాస్త్రంలో ఒక ముఖ్యమైన పనిగా మారింది. వేలెడంత పొడవున్న గాజు లేదా ఉక్కు నాళికలో టెనాక్స్, పోరాపాక్ వంటి అధిశోషకాన్ని నింపి, చిన్న పంపుతో పైరు చుట్టూ ఉన్న గాలిని దాని గుండా లాగుతారు. నాళికలో నిలిచిన పదార్థాలను వేడితో గాని ద్రావకంతో గాని విడదీసి, గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ పరికరాలతో గుర్తిస్తారు. ఆ పరికరాల ఖరీదు లక్షల రూపాయలలో ఉంటుంది. వాటి సూక్ష్మత అసాధారణమైనది. ఐతే పరికరానికి చేరేలోపే నమూనా మారిపోయి ఉంటే ఆ సూక్ష్మత వలన ప్రయోజనం లేదు.

ఆ మార్పుకు ముఖ్యకారణాలలో ఒకటి గాలిలోని ఓజోన్. నాళికలోకి లాగిన గాలిలో పైరు వాసనతో పాటు ఓజోన్ కూడా ప్రవేశించి, అప్పటికే అధిశోషకంపై నిలిచి ఉన్న సమ్మేళనాలను ఆక్సీకరిస్తుంది. ఓజోన్‌ను తొలగించకుండా, దాని మోతాదును నమోదు చేయకుండా ఎండ వేళ ఆరుబయట సేకరించిన నమూనాను ఆధారంగా చేసుకొని "ఈ పైరులో ఈ సమ్మేళనం లేదు" అని నిర్ధారించడం శాస్త్రసమ్మతం కాదు. ఇది పర్యావరణ రసాయన శాస్త్రజ్ఞులకు కొత్త మాట కాదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలలో మాత్రం దీనిని ఒక నియమంగా వ్రాసుకొనవలసిన అవసరం ఉన్నది.

నాళికలో జరిగే చర్య

ఓజోన్ ప్రధానంగా కర్బన పరమాణువుల మధ్య ఉండే ద్విబంధంపై దాడి చేస్తుంది. ఆ బంధం తెగి ఆల్డిహైడ్లు, కీటోన్లు, ఆమ్లాలు ఏర్పడతాయి. మొక్కలు విడుదల చేసే టెర్పీన్లలో ద్విబంధాలు సర్వసాధారణం. అందువలన ఈ వర్గమే ఓజోన్‌కు సులభంగా లొంగుతుంది. ఐతే అన్ని టెర్పీన్లూ ఒకే వేగంతో నశించవు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

గాలిలో ఓజోన్ 50 పీపీబీ, అనగా నూరు కోట్ల భాగాలలో 50 భాగాలు ఉన్నదనుకుంటే, ప్రయోగశాలలలో కొలిచిన చర్యా వేగాలను బట్టి ఒక్కొక్క సమ్మేళనం సగటు ఆయువును లెక్కకట్టవచ్చు. ఐసోప్రీన్ సుమారు 18 గంటలు నిలుస్తుంది. ఆల్ఫా-పైనీన్ రెండున్నర గంటలు, లిమొనీన్ ఒక గంట, లినలూల్ అరగంట నిలుస్తాయి. టెర్పినొలీన్ ఆయువు సుమారు 7 నిమిషాలు మాత్రమే. బీటా-కారియోఫిలీన్ ఒక నిమిషానికి మించి మిగలదు. సినియోల్, కర్పూరం వంటి ద్విబంధం లేని సమ్మేళనాలను ఓజోన్ దాదాపుగా తాకదు. 50 పీపీబీ అసాధారణమైన మోతాదేమీ కాదు. 2009లో భారతదేశం ప్రకటించిన జాతీయ వాయు నాణ్యతా ప్రమాణాలలో 8 గంటల సగటుకు విధించిన పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. అది సుమారుగా ఈ మోతాదుకే సమానం.

పై లెక్క గాలిలో జరిగే చర్యకు సంబంధించినది. అధిశోషకం ఉపరితలంపై వేగం అచ్చంగా అంతే ఉండనక్కరలేదు. కాని క్రమం ఇంచుమించు అదే: గాలిలో త్వరగా నశించేవే నాళికలోనూ ఎక్కువగా నష్టపోతాయి. 1996లో ఇటలీలోని ఇస్ప్రా పరిశోధనా కేంద్రం శాస్త్రజ్ఞులు టెనాక్స్‌పై టెర్పీన్లు ఓజోన్ వలన విచ్ఛిన్నం కావడాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేసి ప్రకటించారు. నిమిషానికి 100 మిల్లీలీటర్ల చొప్పున అరగంట సేపు గాలిని లాగితే 3 లీటర్ల గాలి నాళిక గుండా పోతుంది. ఆ గాలిలో ఒక టెర్పీన్ 1 పీపీబీ, ఓజోన్ 50 పీపీబీ ఉంటే, నాళికలో నిలిచే ప్రతి టెర్పీన్ అణువుకు 50 ఓజోన్ అణువులు ఎదురవుతాయి. అవన్నీ చర్య జరపవు. కాని మొదటి నిమిషంలో చిక్కిన అణువు తక్కిన 29 నిమిషాల పాటు ఆ ప్రవాహానికి ఎదురుగా కదలకుండా నిలిచి ఉండవలసి వస్తుంది.

కంఠేశ్వర్ గాలి, బోధన్ చేను

ఓజోన్ పట్టణాల సమస్య అనీ, పల్లె చేలలో దాని గురించి ఆలోచించనక్కరలేదనీ విద్యార్థులలో ఒక అభిప్రాయం ఉన్నది. వాస్తవం తరచు ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. నిజామాబాద్ పట్టణంలోని కంఠేశ్వర్ వంటి వాహనాల రద్దీ ఉన్న ప్రాంతంలో పొగతో వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ అక్కడి ఓజోన్‌ను అక్కడికక్కడే హరిస్తుంది. అదే గాలి పట్టణం దాటి పొలాల మీదుగా సాగేటప్పుడు, నైట్రోజన్ ఆక్సైడ్లు, కర్బన సమ్మేళనాలు ఎండలో చర్య జరిపి కొత్తగా ఓజోన్‌ను పుట్టిస్తాయి. పైరులూ చెట్లూ వదిలే టెర్పీన్లు కూడా ఆ చర్యలో పాలుపంచుకుంటాయి. అందుచేత రోడ్డు పక్కన కంటే దూరపు చేనులోనే మధ్యాహ్నం ఓజోన్ అధికంగా ఉండవచ్చు. చెరకు నరికిన తరువాత ఎండుటాకును, వరి కోత తరువాత కొయ్యకాళ్లను తగులబెట్టే రోజులలో దీనికి మరింత ముడిసరుకు చేరుతుంది.

1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో బోధన్ ప్రాంతం చెరకు సీమగా ఎదిగింది. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం శక్కర్‌నగర్‌లో దశాబ్దాల పాటు నడిచి 2015లో మూతపడింది. చెరకు చేలు ఉన్న చోట వరి విస్తరించింది. రుద్రూరులోని ప్రాంతీయ పరిశోధనా స్థానం చెరకు, వరి రెండింటి పేరిటా పనిచేయడం ఈ నేల స్వభావానికి తగినట్టే ఉన్నది. ఆర్మూరు వైపు పసుపు ప్రధాన పంట. ఈ మూడు పంటలలోనూ వాసనల అధ్యయనానికి గట్టి కారణాలు ఉన్నాయి. మూడింటిలోనూ ఓజోన్ జోక్యానికి అవకాశమూ ఉన్నది.

ఓజోన్ రోజంతా ఒకే రీతిగా ఉండదు. తెల్లవారుజామున తక్కువగా ఉండి, ఎండ ముదిరే కొద్దీ పెరిగి, మధ్యాహ్నం గరిష్ఠానికి చేరి, సాయంత్రం నుంచి తగ్గుతుంది. మబ్బూ వానా ఉన్న రోజులలో తక్కువగా, నిర్మలమైన ఎండ రోజులలో ఎక్కువగా ఉంటుంది. ఒక విద్యార్థి ఉదయం 7 గంటలకూ, మధ్యాహ్నం 2 గంటలకూ ఒకే చేనులో నమూనాలు తీశాడనుకుంటే, మధ్యాహ్నపు నాళికలో కారియోఫిలీన్ తగ్గినట్టు కనబడుతుంది. ఎండ వేడికి మొక్క విడుదలను తగ్గించుకున్నదని అతడు వ్యాఖ్యానిస్తాడు. సాధారణంగా వేడితో టెర్పీన్ల విడుదల పెరుగుతుంది. అనగా నిజం అతని వ్యాఖ్యకు తలకిందులై ఉండవచ్చు. వానాకాలపు నమూనాలను యాసంగి నమూనాలతో పోల్చినప్పుడు కూడా ఇదే పొరపాటు జరగగలదు. గణాంక పరీక్ష ఈ తప్పును పట్టుకోలేదు. ఓజోన్ ప్రతి మధ్యాహ్నమూ ఒకే దిశలో పనిచేస్తుంది కాబట్టి, పునరావృత నమూనాలు ఎన్ని తీసినా తప్పు మరింత విశ్వసనీయంగా కనబడుతుందే తప్ప తొలగిపోదు.

నష్టపోయేవి ముఖ్యమైనవే

నశించే సమ్మేళనాలు ఏ ప్రాధాన్యమూ లేనివైతే ఇంత చర్చ అవసరం లేదు. వరిలో లినలూల్, బీటా-కారియోఫిలీన్ల పాత్రను చైనా శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిన పరిశోధనలో పొలం స్థాయిలో పరీక్షించారు. పురుగు సోకినప్పుడు వెలువడే లినలూల్ పరాన్నజీవులనూ పరభక్షకాలనూ ఆకర్షిస్తుందనీ, సుడిదోమను దూరంగా ఉంచుతుందనీ తేలింది. కారియోఫిలీన్ మిత్రపురుగులతో పాటు దోమను కూడా ఆకర్షిస్తుందని తేలింది. దోమపోటుతో ఏటా పోరాడే జిల్లాలో వరి రకాల ఎంపికకు ఈ రెండు సమ్మేళనాల కొలత ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఓజోన్ ముందు వాటి ఆయువు, పై లెక్క ప్రకారం, ఒకదానికి అరగంట, రెండవదానికి ఒక నిమిషం.

కెన్యాలో మొక్కజొన్న మధ్య మెలినిస్ గడ్డిని అంతరపంటగా వేసినప్పుడు కాండం తొలిచే పురుగుల బెడద తగ్గి, కొటీషియా అనే పరాన్నజీవి కార్యకలాపం పెరిగినట్టు 1997లో ప్రకటితమైంది. ఆ గడ్డి విడుదల చేసే నోనాట్రైయిన్ అనే సమ్మేళనమే పరాన్నజీవిని పిలుస్తున్నదని గుర్తించారు. ఆ అణువులో మూడు ద్విబంధాలు ఉన్నాయి. చెరకు, మొక్కజొన్న, జొన్న దగ్గరి బంధువులైన గడ్డిజాతి పంటలు. బోధన్ చెరకులో పీక పురుగు, కణుపు తొలిచే పురుగు నివారణకు ఇటువంటి సహచర మొక్కలను అన్వేషించే పరిశోధకుడు ఓజోన్‌ను పట్టించుకోకపోతే, తాను వెతుకుతున్న సమ్మేళనాన్నే తన నాళికలో పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది.

పసుపు విషయమూ ఇంతే. పసుపు ఆకు నూనెలో తరచు ప్రధానంగా ఉండే ఆల్ఫా-ఫెలాండ్రీన్, దానితో పాటు కనబడే టెర్పినొలీన్ కొద్ది నిమిషాలలో చర్య పొందే వర్గానికి చెందినవి. కల్లంలో పసుపు ఉడికించే వేళ, ఆరబెట్టే వేళ సుగంధ నష్టాన్ని ఆరుబయటి గాలి నమూనాలతో అంచనా వేస్తే, ఆ నష్టంలో ఎంత భాగం కొమ్ములో జరిగినది, ఎంత భాగం నాళికలో జరిగినది అన్న ప్రశ్నకు సమాధానం ఉండదు.

లేనివి ఉన్నట్టు కనబడడం

ఓజోన్ జోక్యానికి రెండవ ముఖం కూడా ఉన్నది. టెనాక్స్ స్వయంగా బెంజీన్ వలయాలతో కూడిన పాలిమర్. ఓజోన్ దానిని కూడా కొంత విచ్ఛిన్నం చేసి బెంజాల్డిహైడ్, అసిటోఫినోన్, బెంజోయిక్ ఆమ్లం వంటి పదార్థాలను పుట్టిస్తుంది. బెంజాల్డిహైడ్, అసిటోఫినోన్ కొన్ని మొక్కల సహజ వాసనలలోనూ ఉంటాయి. కాబట్టి మధ్యాహ్నపు నమూనాలలో అవి పెరిగినట్టు కనబడినప్పుడు, అది మొక్క ఒత్తిడికి గుర్తు అని వ్రాయడం చాలా సులభం. శుభ్రమైన నైట్రోజన్‌ను లాగి తీసిన ఖాళీ నాళిక ఈ తప్పును చూపదు, ఎందుకంటే అందులో ఓజోన్ లేదు. ఓజోన్ ఉన్న గాలిని, కాని మొక్క లేని గాలిని లాగిన నాళిక మాత్రమే దానిని బయటపెడుతుంది.

ఆల్డిహైడ్ల కొలతలో ఈ పాఠాన్ని శాస్త్రలోకం ముందే నేర్చుకున్నది. డీఎన్‌పీహెచ్ పూసిన సిలికా నాళికలలో ఓజోన్ వలన ఫార్మాల్డిహైడ్ విలువలు తక్కువగా నమోదవుతున్నట్టు 1989లో అమెరికా పరిశోధకులు చూపారు. తరువాత ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ తన టీవో-11ఏ పద్ధతిలో నాళికకు ముందు ఓజోన్ తొలగింపు అమరికను చేర్చింది. పర్యావరణ కొలతలలో స్థిరపడిన ఈ జాగ్రత్త పైరు వాసనల పరిశోధనకు కూడా అంతే అవసరం.

ఒక ఆక్షేపణ

ఇక్కడ ఒక సహేతుకమైన ఆక్షేపణ వస్తుంది. చేనులోని పురుగు కూడా ఓజోన్ ఉన్న గాలినే పీలుస్తున్నది. గాలిలో వాసన నశిస్తే పురుగుకూ అది అందదు. అటువంటప్పుడు నమూనా నుంచి ఓజోన్‌ను తొలగించడం ప్రకృతిలో లేని పరిస్థితిని కల్పించడం కాదా?

ఓజోన్ వాసనల సందేశాన్ని నిజంగానే చెరుపుతుందన్నది వాస్తవం. ఈగల లింగాకర్షక పదార్థాలు 100 పీపీబీ ఓజోన్‌లో క్షీణించి, మగ ఈగలు మగ ఈగలనే జతగా భ్రమించడాన్ని జర్మనీ శాస్త్రజ్ఞులు 2023లో చూపారు. ఐతే గాలిలో జరిగే చర్య వేరు, నాళికలో జరిగే చర్య వేరు. ఆకు నుంచి వెలువడిన కారియోఫిలీన్ సెకనుకు ఒక మీటరు వేగపు గాలిలో ఐదు మీటర్ల దూరంలోని పరాన్నజీవిని చేరడానికి ఐదు సెకన్లు చాలు. అంతలో దానిలో ఎక్కువ భాగం మిగిలే ఉంటుంది. అదే అణువు నాళికలో అరగంట పాటు ఓజోన్ తాకిడికి గురవుతుంది. పురుగుకు చేరిన వాసన నమూనాలో లేదని తేలుతుంది. మొదటి చర్య ప్రకృతి ధర్మం, రెండవది కొలత దోషం. దోషాన్ని తొలగించిన తరువాతనే ధర్మాన్ని కొలవడం సాధ్యమవుతుంది. నాళిక ముఖద్వారం వద్ద ఓజోన్‌ను ఆపితే, ఆ క్షణం వరకు గాలిలో జరిగిన మార్పు యథాతథంగా నమోదవుతుంది. ఆ తరువాతి మార్పు మాత్రమే నిలిచిపోతుంది. కాబట్టి ఓజోన్ తొలగింపు ప్రకృతికి అడ్డు రాదు.

తొలగింపు మార్గాలు, వాటి పరిమితులు

తొలగింపుకు ఖరీదైన సామగ్రి అవసరం లేదు. సోడియం థయోసల్ఫేట్ ద్రావణంలో ముంచి ఆరబెట్టిన గాజు నార వడపోత కాగితాన్ని నాళిక ముందు అమర్చడం సులభమైన మార్గం. పొటాషియం అయొడైడ్ పూసిన గొట్టం గాని, వడపోత గాని మరొక మార్గం; ఓజోన్ దానితో చర్య జరిపి అయొడిన్‌ను విడుదల చేస్తుంది. ఈ చర్యకు కొంత తేమ అవసరం కాబట్టి బాగా పొడిగా ఉన్న వేసవి గాలిలో దాని సామర్థ్యం తగ్గవచ్చు. వానాకాలపు తేమలో అది చెమ్మగిల్లి గాలి ప్రవాహానికి అడ్డుపడవచ్చు. రంగు మారిన వెంటనే మార్చకపోతే అయొడిన్ నాళికలోకి చేరి కొత్త చిక్కులు తెస్తుంది. మాంగనీస్ డయాక్సైడ్ పూసిన రాగి జల్లెడలు ఓజోన్‌ను బాగా తొలగిస్తాయి గాని, కొన్ని టెర్పీన్లను కూడా మార్చే అవకాశం ఉన్నది. ఏ తొలగింపు సాధనాన్నైనా అధ్యయనం చేయదలచిన సమ్మేళనాలతో ముందుగా పరీక్షించిన తరువాతనే చేనుకు తీసుకుపోవాలి.

బొగ్గు వడపోత విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. మొక్కను సంచిలో గాని, గాజు పాత్రలో గాని ఉంచి లోపలికి పంపే గాలిని ఉత్తేజిత బొగ్గుతో శుద్ధి చేసే పద్ధతి ఉత్తమమైనది. ఓజోన్ లోపలికే రాదు. కాని అదే బొగ్గును నాళిక ముందు పెడితే ఓజోన్‌తో పాటు వాసన అంతా బొగ్గులోనే నిలిచిపోతుంది. సంచి పద్ధతిలోనూ లోపలికి పంపే గాలి కంటే బయటికి లాగే గాలి ఎక్కువైతే, అతుకుల గుండా చేని గాలి, దానితో ఓజోన్ ప్రవేశిస్తాయి.

నమూనా నాణ్యతను పరీక్షించడానికి ఒక చిన్న ప్రయోగం చాలు. తెలిసిన మోతాదులో కారియోఫిలీన్‌ను, సినియోల్‌ను రెండు నాళికలలో ఎక్కించి, మొక్కలు లేని ఆరుబయట ఒకదాని గుండా తొలగింపు సాధనంతో, మరొకదాని గుండా అది లేకుండా మధ్యాహ్నపు గాలిని లాగాలి. సినియోల్ రెండింటిలోనూ మిగిలి, కారియోఫిలీన్ ఒకదానిలోనే మిగిలితే ఓజోన్ జోక్యం నిరూపితమైనట్టే. ఈ పరీక్షకు ఒక మధ్యాహ్నం, రెండు నాళికలు చాలు.

పాత ఫలితాల సంగతి

ఈ నియమం వలన ఇంతకాలం జరిగిన పని అంతా వృథా అవుతుందన్న భయం అనవసరం. ద్విబంధం లేని సమ్మేళనాల విలువలు చాలావరకు నమ్మదగినవే. చర్యాశీల సమ్మేళనం ఒకటి కనబడిందని పాత గ్రంథంలో ఉంటే అదీ నమ్మదగినదే. దాని అసలు మోతాదు నమోదైన దానికంటే ఎక్కువై ఉండవచ్చునని గ్రహించాలి. సందేహించవలసినవి మూడు నిర్ధారణలు: చర్యాశీల సమ్మేళనం లేదన్న నిర్ధారణ, మధ్యాహ్నం తగ్గిందన్న నిర్ధారణ, టెనాక్స్ నాళికలో బెంజాల్డిహైడ్, అసిటోఫినోన్ పెరిగాయన్న నిర్ధారణ. వీటిని తిరిగి పరీక్షించడానికి ముందు వాటి ఆధారంగా కొత్త పరిశోధనలు చేపట్టడం తగదు.

విస్తరణ శాస్త్రజ్ఞులకు ఈ చర్చ దూరమైనదిగా తోచవచ్చు. కాని ఒక వరి రకం మిత్రపురుగులను ఆకర్షించదని ప్రయోగశాల చెబితే, ఆ రకం సిఫారసు జాబితా నుంచి జారిపోతుంది. ఒక సహచర మొక్కలో ఆశించిన వాసన లేదని చెబితే, దానిని చెరకు రైతుకు చూపించే ప్రదర్శన క్షేత్రమే ఏర్పడదు. లింగాకర్షక బుట్టలలోని ఎర చేనులో ఎన్నాళ్లు పనిచేస్తుందో గాలి నమూనాలతో లెక్కకట్టినప్పుడు, కాండం తొలిచే పురుగుల ఆకర్షక అణువులలోని ద్విబంధం వలన ఆ లెక్క కూడా తప్పవచ్చు. తప్పు సిఫారసు వలన కలిగే ఖర్చును చివరకు భరించేది రైతు. నాళికలో నశించిన సమ్మేళనం గురించి అతనికి తెలిసే అవకాశమే లేదు.

కాబట్టి గాలి నమూనాలపై ఆధారపడే ప్రతి పరిశోధన గ్రంథంలోనూ ఐదు వివరాలు తప్పనిసరి కావాలి: నమూనా తీసిన వేళ, ఆ వేళ గాలిలోని ఓజోన్ మోతాదు, ఓజోన్‌ను తొలగించిన విధానం, దానిని పరీక్షించిన రీతి, మొక్క లేని చేని గాలితో తీసిన ఖాళీ నాళిక ఫలితం. ఓజోన్‌ను కొలిచే అతినీలలోహిత పరికరం ప్రతి విద్యార్థికి అందుబాటులో ఉండనక్కరలేదు. పరిశోధనా స్థానానికి ఒకటి ఉంటే ఆ ప్రాంతపు ప్రయోగాలన్నిటికీ ఉపయోగపడుతుంది. అదే పరికరం ఓజోన్ వలన పైరు దిగుబడికి జరిగే నష్టం అధ్యయనానికీ పనికివస్తుంది. అది సమకూరే వరకు మిగిలిన నాలుగు వివరాలకు అడ్డంకి ఏమీ లేదు. గ్రంథాన్ని పరిశీలించే ఆచార్యులు మౌఖిక పరీక్షలో "ఓజోన్‌ను ఎలా ఆపారు?" అని ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెడితే, తరువాతి ఏడాది విద్యార్థి చేనుకు వెళ్లేటప్పుడు తన సంచిలో ఆ వడపోతను తప్పక పెట్టుకుంటాడు.